పల్లంరాజు గారి పుస్తకం, పెద్దిరాజు గుండె

ఆ ఆదివారం పొద్దున్న పెద్దిరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఇంట్లోంచి మాయమైపోవాలి. ఎందుకంటే కొవ్వూరు నుంచి వియ్యంకుడు పల్లంరాజు గారు పదిన్నరకి ఆత్రేయపురం వస్తున్నారు. ఊరికే రావడం కాదు. నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్లు సూపర్‌వైజరుగా చేసి రిటైరైన ఆయన, ఏ కాలువలోకి ఏ రోజున ఎన్ని అంగుళాల నీళ్లు వదిలారో పూసగుచ్చినట్టు నాలుగువందల పన్నెండు పేజీల పుస్తకం రాశారు. అచ్చుకిచ్చే ముందు దాన్ని పెద్దిరాజుకి మొత్తం చదివి వినిపిస్తానన్నారు. మొహం మీద వద్దనడానికి ఆయన పక్కింటాయన కాదు, కూతురు దేవిశ్రీకి మామగారు.

పెద్దిరాజు చెప్పులు వెతుక్కుంటుండగానే వీధిలో ఆటో ఆగింది. పల్లంరాజు గారు తొమ్మిదింటికే దిగిపోయారు. కిటికీలోంచి ఆయన చంకలో సంచీ లావు చూడగానే పెద్దిరాజు చెప్పులు వెతకడం మానేశాడు. తలనొప్పి అంటే బామ్ రాసి మరీ చదువుతారు. కడుపునొప్పి అంటే వాము నమిలించి మరీ చదువుతారు. ఇంకేం తోచక గుండె పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మో, నొప్పి!"

భార్య వీరవేణి పెట్టిన కేకకి వీధి వీధంతా లోపలికొచ్చింది. ఎవరో 108కి ఫోన్ చేశారు. పల్లంరాజు గారు సంచీతో సహా గుమ్మంలోనే ఉండగా, వియ్యంకుడు స్ట్రెచర్ మీద ఆయన పక్కనుంచే రాజమండ్రి వెళ్లిపోయాడు.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు. అన్నీ బాగున్నాయన్నారు. పెద్దిరాజు ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు.

"మరైతే నేను బయల్దేరతానండి."

"తొందరేంటండీ?" అంది డాక్టర్ సూర్యకళ. "మాకు ఈ నెలలోనే గుండెకి సీటీ స్కాన్ తీసే మిషను వచ్చింది. చేతికి మందెక్కించి పది సెకన్లలో రక్తనాళాలన్నీ ఫొటో తీసేస్తాం. ఎక్కడా అడ్డం లేకపోతే సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటారు. కాకపోతే ఫొటో చెదరకుండా రావాలంటే గుండె నిమిషానికి అరవై అయిదు సార్లకి మించి కొట్టుకోకూడదు. మీది ఎనభై నాలుగుంది. ఈ మాత్ర వేసుకుని ప్రశాంతంగా పడుకోండి."

ప్రశాంతంగా పడుకోనివ్వడానికి ఊరివాళ్లు అంత మనసు లేనివాళ్లు కారు. పదకొండింటికల్లా వ్యాను కట్టించుకుని, కొబ్బరిబొండాలతో సహా దిగిపోయారు. అందరికంటే ముందు సత్తిరాజు మంచం పక్కన చేరాడు.

"మీరేం భయపడకండి. మా తోడల్లుడికీ అచ్చం ఇలాగే వచ్చిందండి. ఇదే చెమట, ఇదే చూపు."

"ఇప్పుడెలా ఉన్నారండి?"

"అదేంటండీ, పెద్దకర్మకి వచ్చి భోంచేశారు కదా!"

మంచం పక్కన మిషను తొంభై ఆరు చూపించింది. రత్నమాణిక్యమ్మ కళ్లొత్తుకుంటూ, పోయిన తన మరిది పెద్దిరాజు కంటే రెండేళ్లు చిన్నవాడేనని గుర్తుచేసింది. నూట నాలుగు. నర్సు వచ్చి గుంపుగా ఉండొద్దు, ఇద్దరేసి రండి అంది. దాంతో ప్రతి చావూ మొదటినుంచి విడివిడిగా వినాల్సి వచ్చింది.

"ఇలాగైతే కుదరదండీ," అంది డాక్టరు. "నాలుగింటిదాకా చూస్తాను. తగ్గకపోతే రేపు చేతి నరంలోంచి గుండెదాకా గొట్టం పంపించి చూడాల్సిందే."

గొట్టం అన్నమాటకి నూట పన్నెండైంది. నిజం చెప్పేద్దామని పెద్దిరాజు నోరు తెరిచాడు. చెబితే ఆ మాట సాయంత్రం బస్సుకే కొవ్వూరు చేరుతుంది. ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాల్సింది దేవిశ్రీ. పిల్ల మొహం కళ్లముందు మెదిలి, తెరిచిన నోరు మూసేశాడు. అప్పుడే తలుపు తోసుకుని పల్లంరాజు గారు వచ్చారు. చంకలో సంచీ ఉంది. నూట ఇరవై ఆరు.

"మీరు మనసుకి హాయిగా ఉండాలట కదా బావగారూ! చెల్లెమ్మ చెప్పింది," అంటూ ఆయన కళ్లజోడు తగిలించుకున్నారు. "డెబ్బై మూడు జూన్ ఒకటిన ఆనకట్ట తలుపులెత్తగా కాలువలో నీరు ఏడడుగుల నాలుగంగుళాలు. రెండున కూడా ఏడడుగుల నాలుగంగుళాలే. మూడున మాత్రం ఏడడుగుల నాలుగున్నర..."

జూన్ నెలాఖరుకి పెద్దిరాజు గుండె తొంభైకి దిగింది. జులైలో సత్తిరాజు గోడకానుకుని గుర్రుపెట్టాడు. ఆగస్టులో, మూడు రోజులుగా కన్ను మూయని పక్క మంచం ఆయన దుప్పటి ముసుగేసి నిద్రపోయాడు. సెప్టెంబరు రెండోవారానికి మిషను అరవై రెండు చూపించింది. మంచినీళ్ల కోసం పల్లంరాజు గారు ఆగగానే అరవై ఎనిమిదైంది. సూర్యకళ పరుగున వచ్చింది.

"ఆపకండి సార్! చదవండి, చదవండి!"

ఆ మాట ఆయనతో అన్నవాళ్లు అంతవరకూ లేరు. పాపం, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పెద్దిరాజు మిషనులోకి వెళ్లాక, పల్లంరాజు గారు అద్దం అవతల గదిలో మైకు ముందు కూర్చుని అక్టోబరు చదివారు. మధ్యమధ్య టెక్నీషియన్ గణేష్‌బాబు "ఊపిరి బిగబట్టండి" అనాలి. అతన్ని రెండుసార్లు తట్టి లేపాల్సి వచ్చింది. ఫొటోలు అద్దంలా వచ్చాయి. గుండెలో ఏ అడ్డమూ లేదు.

సాయంత్రం గదిలో వియ్యంకులిద్దరే మిగిలారు. చదివి చదివి పల్లంరాజు గారి గొంతు బొంగురుపోయింది. పెద్దిరాజుకి సిగ్గేసింది.

"బావగారూ, నాకు ఏ నొప్పీ రాలేదండి. మీ పుస్తకం తప్పించుకుందామనీ..."

"తెలుసండి. మా ఆవిడకి మోకాళ్లు పట్టేశాయి. మా అబ్బాయికి చెవిపోటొచ్చింది. గుండెదాకా వెళ్లింది మీరొక్కరే." ఆయన నవ్వారు. "మీ దేవిశ్రీ మాత్రం వంద పేజీలు విని, తర్వాతేమైంది మావయ్యగారూ అంది. బంగారుతల్లండీ."

పెద్దిరాజు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే ఆదివారం రండి. మొదటి పేజీ నుంచి వింటాను. ఒట్టు."

"కుదరదండీ," అన్నారు పల్లంరాజు గారు మొహమాటపడుతూ. "స్కానింగు ఉన్నప్పుడల్లా వచ్చి చదవమని డాక్టరమ్మగారు అడిగారు. కారు పంపిస్తారట."

ఆ నెలలో పెద్దిరాజు మూడుసార్లు ఫోన్ చేసినా ఖాళీ లేదన్నారు. పల్లంరాజు గారి పుస్తకం వినాలంటే ఇప్పుడు గుండెనొప్పి ఉండాల్సిందే.