తోక మీద కూర్చున్న విమానం

"ఎవరూ కదలకూడదు. నేరస్థుడు ఈ గదిలోనే ఉన్నాడు. నా మెదడు నుంచి తప్పించుకున్నవాడు ఇంకా పుట్టలేదు" అని ప్రకటించాడు మా అబ్బాయి.

గదిలో ఉన్నది ముగ్గురం: వాడు, వాళ్ల నాన్న, నేను. నేను మెల్లగా తలుపు వైపు జరిగాను.

మావాడికి ఇరవై ఎనిమిదేళ్లు. పోస్టులో డిటెక్టివ్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నాడు. ఇప్పటిదాకా పట్టుకున్నది ఒకే ఒక్క దొంగను. ఆయన కరెంటు మీటరు చూడ్డానికి వచ్చిన మనిషని తర్వాత తేలింది.

ఈసారి కేసు వాళ్ల నాన్నదే. ఆయన విమానాల మరమ్మతు షెడ్డులో మెకానిక్కు. ఆయనకు పని నేర్పిన మేస్త్రీగారు ఆ సాయంత్రం ఐదింటికి రిటైరవుతున్నారు. ఇద్దరూ కలిసి మొదట బాగుచేసిన విమానానికి బుల్లి మోడల్ కట్టి ఇవ్వాలని, ఈయన ఎనిమిది నెలలుగా మూడు వందల పన్నెండు ప్లాస్టిక్ ముక్కలు అతికించారు. ఆ జిగురు వాసనకు ఊపిరితిత్తులు ఏమవుతాయో, ఆ చిన్న కత్తికి వేళ్లు ఏమవుతాయో అని నేనూ ఎనిమిది నెలలుగా హడలిపోయాను.

తీరా ఆ మధ్యాహ్నం చక్రాలు అతికించి బల్ల మీద పెడితే, విమానం ముక్కు పైకెత్తి తోక మీద చతికిలబడింది. వేలితో నొక్కితే దిగుతుంది, వేలు తీస్తే మళ్లీ కూర్చుంటుంది.

"తోక మీద పడకుండా ముక్కులో బరువు పెట్టాను కదరా. కిట్‌లో ఇచ్చిన సీసం గుళికలు, సరిగ్గా నలభై" అన్నారాయన.

సీసం అన్న మాట వినగానే వంటింటి వైపు చూడకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను.

"మీకు శత్రువులెవరైనా ఉన్నారా నాన్నా?"

"ఒకడున్నాడు. మూడు పూటలా తిండి కూడా పెడుతున్నాను."

"విచారణకు సహకరించండి" అంటూ మావాడు నా పౌడరు డబ్బా తెచ్చి విమానం మీద గుమ్మరించాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "వేలిముద్రలు దొరికాయి."

"ఎవరివిరా?"

"ప్రస్తుతానికి నావే."

తర్వాత నా వైపు తిరిగాడు. "పోయిన ఆదివారం, నాన్న ముక్కు అతికించిన రోజు, నువ్వెక్కడున్నావమ్మా?"

"వంటింట్లో."

"సాక్షి?"

"నీకే కదరా అన్నం పెట్టాను. రెండుసార్లు."

"నువ్వు అనుమానానికి అతీతురాలివి" అని పుస్తకంలో రాసుకుని, "ఇక మిగిలింది ఒకే ఒక్క..." అంటూ భూతద్దం గాలిలో ఊపాడు. పిడి చేతిలో ఉండిపోయింది. అద్దం వెళ్లి విమానం ముక్కుకు టప్పున తగిలింది.

ముక్కు విడిపోయింది. ఆయన బల్ల అంచు పట్టుకుని మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. గడియారం మూడున్నర చూపిస్తోంది.

పగులులోంచి నల్లటి గుండ్లు నాలుగైదు దొర్లాయి. "ఆధారం" అని మావాడు ఒకటి నాలుక మీద పెట్టుకున్నాడు. వద్దురా అనేలోపే కొరికాడు. జిగురు అంటిన మిరియం. కళ్ల నీళ్లతో కొళాయి దగ్గరికి పరుగెత్తాడు.

సీసం విషమని ఏదో పత్రికలో చదివాను. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఆ ఆదివారం ఆయన స్నానానికి వెళ్లగానే పొట్లం విప్పి, గుళికలు తీసి దాచేసి, వాటి బదులు చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మిరియాలు నలభై పోశాను. ఒక్కటి తగ్గినా ఆయన మళ్లీ కొనుక్కొస్తారని భయం. ముక్కుకు మాస్కు కట్టుకుని, పట్టకారుతో ఒక్కొక్కటే పెట్టే మనిషికి ఘాటూ తెలియలేదు, బరువూ తెలియలేదు.

ఆయన మిరియాన్ని చూశారు. నన్ను చూశారు.

"సీసం కూరలో వెయ్యలేదు కదా?" అన్నారు చాలా నెమ్మదిగా.

"బొత్తాల డబ్బాలో ఉంది."

"తీసుకురా."

ముక్కు సరిగ్గా అతుకు దగ్గరే విడిందట. లేకపోతే రంపంతో కొయ్యాల్సి వచ్చేదట. ఆయన మిరియాలు గోకి తీసి, అసలు గుళికలు నింపి, మూసి, రంగు పూశారు. నాలుగున్నరకు విమానం మూడు చక్రాల మీద బుద్ధిగా నిలబడింది. ఆయన చేత సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగించి పంపాను. వీధి మలుపు తిరిగేదాకా విమానం ఉన్న పెట్టెను పసిబిడ్డలా పొదివి పట్టుకునే నడిచారు.

మావాడు వాచిన నాలుకతో వచ్చి, తన ఒక్క దెబ్బతో కేసు తేలిపోయిందన్నాడు. ముద్దాయి పరారీలో ఉన్నాడని పుస్తకంలో రాసుకుంటూ, మధ్యలో తల ఎత్తకుండానే టీ అడిగాడు.

పరారీలోంచి లేచి వెళ్లి పెట్టి ఇచ్చాను.