పైన పెట్టిన రూలు

సోమవారం ఉదయం పదీ ఐదు నుంచి పదకొండున్నర లోపు, జిల్లా కార్యాలయానికి అర్జీలతో వచ్చిన నూటపన్నెండు మంది ఒకరి తర్వాత ఒకరు నేల మీద గీసిన పసుపు గడిలో నిలబడి మాయమయ్యారు. ఏ బల్ల దగ్గరా తేలలేదు.

మాయం కావడం కొత్త కాదు. ఆ గడి రెండేళ్ళుగా ఉంది. అర్జీదారు అందులో నిలబడి తన పని చెబుతాడు. కంప్యూటర్ ఆ మాటను తన రూళ్ళతో పై నుంచి కిందికి పోల్చుకుంటూ వస్తుంది. ముందు ఏ రూలు సరిపోతే ఆ బల్ల ముందు మనిషిని తేలుస్తుంది. రేషన్ కార్డైతే రెండో బల్ల, పొలం కొలతైతే ఐదో బల్ల. ఏదీ సరిపోకపోతే మనిషి మళ్ళీ గడిలోనే తేలేవాడు, చేతిలో 'దారి దొరకలేదు' అనే చీటీతో. మొదట్లో జనం జడిశారు. తర్వాత బస్సెక్కినట్టే ఎక్కడం అలవాటైంది.

చీటీలు రోజుకు నలభై దాకా వచ్చేవి. కిందటి నెల సమీక్షలో పై అధికారులు ఆ సంఖ్య చూసి చీటీలు కనపడకూడదన్నారు. దారులు పెంచమనలేదు. ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీద ప్రోగ్రామరుగా ఉన్న హైమ అందుకోసం ఒక రూలు రాసింది: ఏ పని చెప్పినా స్వీకరించు, పరిష్కారమైనట్టు నమోదు చెయ్యి, చీటీ ఇవ్వకు. మనిషిని ఏ బల్లకు పంపాలో సూపరింటెండెంటు చెప్పాలి కాబట్టి రూలులో బల్ల నంబరు రాసే చోటు ఖాళీగా వదిలింది. రూలును అన్నిటికన్నా అడుగున పెట్టింది.

శుక్రవారం సాయంత్రం సూపరింటెండెంటు ముక్తేశ్వరరావు రూళ్ళ జాబితా ప్రింటు చూశారు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఆయన కొత్త ఆర్డరును ఫైల్లో ఎప్పుడూ పైనే పెట్టారు.

“పై నుంచి వచ్చినదాన్ని అడుగున పడేశావేంటమ్మా?”

“పైన ఉంటే అందరూ దాంట్లోకే పోతారు సార్.”

“పోనీ. ఆర్డరుకు మర్యాద ఇచ్చినట్టుంటుంది.”

ఐదూ నలభైకి హైమకు బస్సుంది. బల్ల నంబరు ఇంకా ఖాళీగానే ఉందని ఆయనతో అనాల్సింది. అనకుండా రూలును పైకి జరిపి వెళ్ళిపోయింది.

సోమవారం వరసలో ముప్పై ఆరో మనిషి హైమ అక్క నీలవేణి భర్త, లారీ మెకానిక్కు చిన్నంనాయుడు. రేషన్ కార్డులో కూతురి పేరు ఎక్కించాలని వచ్చాడు.

“ఏం మరదలా, మీ గడి ఎక్కితే ఏడ తేలుస్తావు? మా షెడ్డులోనే తేల్చెయ్, నడక తప్పుద్ది.”

“రెండో బల్ల దగ్గర బావా. గుండీలు పెట్టుకో, అక్కడి మేడం కోప్పడుతుంది.”

“తల దువ్వుకొచ్చాను కదే. అది చాలదేటి?”

గడిలోకి అడుగేసి పని చెప్పాడు. గడి ఖాళీ అయింది. హైమ తన గదిలోకి వెళ్ళిపోయింది. పదకొండున్నరకు రెండో బల్ల గుమాస్తా వచ్చి, ఇవాళ జనమే లేరేంటని అడిగినప్పుడు ఆమెకు విషయం అర్థమైంది.

వెంటనే రూలును అడుక్కి దించింది. ఆ తర్వాత బల్ల ఉన్న పనులతో వచ్చినవాళ్ళు బల్లల దగ్గర తేలారు. ముందు వెళ్ళినవాళ్ళు రాలేదు.

“నూటపన్నెండు మంది లేరు సార్.”

“చీటీలెన్ని?” అన్నారు ముక్తేశ్వరరావు.

“ఒక్కటీ లేదు.”

“మరి తప్పెక్కడుంది?”

“వాళ్ళ అర్జీలు మళ్ళీ తెరిస్తే తిరిగొస్తారేమో సార్.”

“పరిష్కారమైన అర్జీని అర్జీదారే వచ్చి తెరవమనాలి. రమ్మను.”

ఆయన వేళాకోళం ఆడలేదు. మధ్యాహ్నం ఆ రూలు తమకూ పంపమని రెండు పక్క జిల్లాలు అడిగాయి.

మూడున్నరకు నీలవేణి వచ్చింది.

“మీ బావ ఫోనెత్తడం లేదే. షెడ్డు కాడ లారీవోడు తిట్టిపోస్తన్నాడు. ఏడ కూకోబెట్టావు?”

హైమ జరిగింది చెప్పి, తెర చూపించింది. పొట్నూరు చిన్నంనాయుడు, పరిష్కారమైంది అని ఉంది.

“ఏటి పరిష్కారం? పాప పేరు ఎక్కిందా?”

“లేదక్కా.”

“మనిషున్నాడా?”

“స్వీకరించినట్టుంది. ఎక్కడికో రాసి లేదు.”

“రాయాల్సింది ఎవరే?”

“నేనే.”

నీలవేణి తెర మీద మొగుడి పేరుకు వేలు పెట్టింది.

“ఇప్పుడు దాంట్లోకి ఎలా ఎల్తారు?”

“ఏ బల్లకీ చెందని పని అడిగితే.”

ఆ జవాబు చెప్పకుండా ఉండాల్సిందని హైమకు అప్పుడే తెలిసింది.

“పాపకి నాలుగున్నరకి బడి వదుల్తారు. నువ్వెల్లి తీసుకురా.”

“అక్కా, అటు నుంచి దారి లేదు.”

“ఇటు నుంచి మాత్రం ఉందేటి?”

నీలవేణి వెళ్ళి వరసలో నిలబడింది. ఆమె ముందు పదకొండు మంది ఉన్నారు. గడి ఆపాలంటే సూపరింటెండెంటు సంతకం కావాలి. ఆయన సమీక్షలో ఉన్నారు. హైమ గడి స్విచ్ మీద చెయ్యి వేసి, వరస తరిగేదాకా అలాగే నిలబడింది. నొక్కలేదు.

నాలుగూ పన్నెండుకు నీలవేణి గడిలో నిలబడింది.

“మా ఆయన్ని ఇవ్వండి,” అంది.

ఆ పనికి బల్ల లేదు. నాలుగూ పదమూడుకు అర్జీ పరిష్కారమైనట్టు నమోదైంది. నాలుగున్నరకు హైమ బడి గేటు దగ్గర ఉంది.