మద్దమ్మ ఒరిజినల్

కువైట్‌లో తెలుగువారి కష్టాలన్నీ వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు తీరిపోతాయని సంఘం అధ్యక్షులు భీమేశ్వరరావుగారు ప్రకటించారు. నాలుగున్నరకు టిఫిన్ కనుక కష్టాలు క్లుప్తంగా చెప్పుకోవాలనీ, కుర్చీలు కమిటీవారికేననీ వాట్సాప్‌లో పెట్టారు.

ముఖ్య అతిథి పోర్చుగల్ మంత్రి. నిజానికి ఇండియా నుంచి మన మంత్రిగారు రావాలి, రాలేదు. హాలు బుక్కయింది, శాలువా కొనేశారు, ఎవరివో ఒకరి భుజాలు కావాలి. చరిత్ర సదస్సుకొచ్చిన ఈ పెద్దమనిషి భీమేశ్వరరావుగారికి హోటల్ లిఫ్టులో దొరికాడు. మంత్రన్నవాడు ఏ దేశంలోనైనా మంత్రే.

మిష్రిఫ్‌లో ఇంటిపని చేసే మద్దమ్మకు కావలసింది ఒక్కటే. రాయచోటిలో కూతురికి నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పుకు తను దగ్గరుండాలి. పాస్‌పోర్టేమో పోయింది. పోయిందని పోలీసులిచ్చే కాగితం రెండు నెలలు తిరిగి సంపాదించింది. అది చూపించి కొత్త పాస్‌పోర్టు అడగడానికి ఆదివారం ఎంబసీకి వెళ్లేందుకు ఇంటి యజమానురాలు, అక్కడి పనివాళ్లు ‘మామా’ అని పిలిచే ఆవిడ, సెలవు కూడా ఇచ్చింది.

సంగతి భీమేశ్వరరావుగారి చెవిన పడింది. సంఘం ఉండగా మద్దమ్మ లైన్లో నిలబడటం ఆయనకు తలవంపులుగా తోచింది. ఆ కాగితం అర్జీకి జతచేసి మంత్రిగారి చేతికివ్వమన్నారు.

“జెరాక్స్ ఇస్తే సాలదా సార్?”

“ఆయన హిస్టరీ ప్రొఫెసరండీ బాబూ. ఒరిజినల్ తప్ప ముట్టుకోరు.”

శుక్రవారం ఖైతాన్ హాల్లో భీమేశ్వరరావుగారు అతిథి జీవిత విశేషాలు నలభై నిమిషాలు చదివారు. ప్రొఫెసర్ అమారో వియేగస్ బడిపంతులు కొడుకు. ముప్పై ఏళ్లు పాత ఓడల చరిత్ర చెప్పి, చరిత్ర చెప్పడం కన్నా చరిత్రకెక్కడం మేలని రాజకీయాల్లోకి వచ్చారు. మూడు పార్టీలు మారినా సిద్ధాంతం మార్చలేదు, అదేమిటో ఎవరికీ చెప్పనూ లేదు. పన్నెండేళ్ల కిందట వంతెన కావాలని సొంత ఊరివాళ్లిచ్చిన అర్జీని చెదపట్టకుండా ఈనాటికీ కాపాడుతున్నారు. హాలంతా చప్పట్లు. ఇంత జాగ్రత్తమనిషి దొరకడం తన అదృష్టమని మద్దమ్మ ఇంకాస్త గట్టిగా కొట్టింది.

అర్జీ అందుకున్న మంత్రిగారు, తెలుగక్షరం తెలియకపోయినా, రెండువైపులా చూశారు. పోలీసు ముద్రను వెలుతురుకు పట్టి కళ్లు తుడుచుకున్నారు. అర్జీ చూసి ఏడ్చిన మంత్రిని మద్దమ్మ ఎన్నడూ చూడలేదు. కాగితాలను నలగకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని, వీటికి తగిన స్థానం కల్పిస్తానని ఆయన మాటిచ్చారు. ఆ ముక్కను భీమేశ్వరరావుగారు తెలుగులో మూడుసార్లు చెప్పారు.

ఆదివారం మద్దమ్మ ఎంబసీకి వెళ్లలేదు. వెళ్లడానికి చేతిలో ఏముంది? వారం వారం ఫోన్ చేస్తే, పైస్థాయిలో కదులుతోందని అధ్యక్షులు చెప్పేవారు. మనవడు పుట్టాడు. వాడి మొహం ఫోన్లో చూసుకుని, మామా కంటపడకుండా వంటింట్లో కుమిలి కుమిలి ఏడ్చింది.

మూడో నెలలో లిస్బన్ నుంచి ఉత్తరం వచ్చింది. వెంటనే సన్మాన సభ పెట్టారు. మంత్రిగారు మాట తప్పలేదు. మద్దమ్మ కాగితాన్ని అక్కడి పురాతన పత్రాల సరసన చేర్పించారు. గాజు పెట్టె, దానికో నంబరు, పక్కన కాపలా. వందేళ్లయినా చెక్కుచెదరదట. రాయలసీమ ఆడపడుచుకు ఇంతటి గౌరవం ఇదే మొదలని శాలువా కప్పారు.

మద్దమ్మ శాలువా తీసి మడిచింది. “అంతా బాగుండాది సార్. నా కాగితం నాకెప్పుడిస్తారు?”

భీమేశ్వరరావుగారు ఉత్తరం చివరి పేరా వెతికి, మైకులోనే గర్వంగా చదివి వినిపించారు. ఇవ్వడం కుదరదు గానీ, మంగళ, గురువారాల్లో పదింటి నుంచి పన్నెండింటి దాకా ఆమె ఎప్పుడైనా లిస్బన్ వచ్చి చూసుకోవచ్చు. వచ్చేటప్పుడు పాస్‌పోర్టు తెచ్చుకుంటే చాలు.