పటం వెనక గోడ

నూజివీడులో ఇల్లు కొనేవారు మోసపోకుండా మూడంచెల రక్షణ అమలులో ఉంది. మొదటి అంచె వాస్తు సిద్ధాంతి. రెండో అంచె బ్యాంకు పంపే ఇంజినీరు. వీరిద్దరి కన్నూ తప్పించుకున్న లోపం ఏదైనా మిగిలితే ఇరుగుపొరుగు ఉండనే ఉన్నారు. హైస్కూలు సైన్సు మాస్టారు రత్నబాబు ఈ మూడంచెలూ దాటుకునే విస్సన్నపేట రోడ్డులో ఇల్లు కొన్నాడు.

ఆయన భార్య దయామణి పెళ్లయిన నాటినుంచి అద్దె ఇళ్లు మారుతూనే ఉంది. మేకు కొట్టాలంటే ఎవరినీ అడగక్కర్లేని గోడ ఒకటి ఉంటే చాలని ఆమె కోరిక.

అమ్మినాయన లక్ష్మీనరసింహారావు, మామిడి రైతు. తోటలో కొంత కొట్టించి ఇల్లు కట్టాడు. కొనేవారు క్రైస్తవులని తెలియగానే ఆయన బజారుకు వెళ్లి, క్రీస్తే ఈ ఇంటి యజమాని అని రాసిన పెద్ద బోర్డు తెచ్చి హాల్లో ఈశాన్యం గోడకు తగిలించాడు. దయామణి దాన్ని చూసి కళ్లొత్తుకుంది. ఈ రోజుల్లో ఇలాంటి మతసామరస్యం ఎక్కడుందని రత్నబాబు స్టాఫ్ రూములో పదిమందికీ చెప్పాడు.

రత్నబాబు చర్చిలో పెద్ద. వాస్తు మీద నమ్మకం లేదు, ఉండకూడదు కూడా. "నమ్మకం కాదు దయా, రేపు మనం అమ్మాల్సొస్తే కొనేవాళ్లు అడుగుతారు" అని సిద్ధాంతిని పెరటి దారిన పిలిపించాడు. సిద్ధాంతి ఈశాన్యంలో నీటి జాడ ఉందని, అది మహాయోగమని చెప్పాడు. ఇంటి కిందకి నీరు ఎందుకొచ్చిందని అడగడం శాస్త్రంలో లేదు.

బ్యాంకు ఇంజినీరు మనోజ్ ఇంటి ముందు నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు. ఇల్లు ఉన్నట్టు బ్యాంకుకు రుజువు కావాలి. టేపు పెట్టి అన్ని గదులూ కొలిచాడు. బోర్డు దగ్గరకొచ్చి ఆగిపోయాడు. "దేవుడి బోర్డు సార్, మనం కదపకూడదు" అని, గోడల స్థితి సంతృప్తికరమని రాసుకున్నాడు.

పక్కింటి తులసమ్మను దయామణి స్వయంగా అడిగింది. "బంగారం లాంటి ఇల్లమ్మా" అందామె.

అంతమాత్రాన రత్నబాబు అమాయకుడని అనుకోకూడదు. అదే వారం ఆయన ఒక పెట్టె చిన్న రసాలు కొన్నాడు. ప్రతి కాయా తొడిమ దగ్గర వాసన చూశాడు. ఒకటి కోయించి రుచి చూశాడు. గడ్డి తీయించి అడుగు వరస కూడా చూపించమన్నాడు. ఇంటికి తొడిమ ఉండదు, కోయించడానికీ వీల్లేదు. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

వానలు పడ్డాక బోర్డు ఒక పక్కకు ఒరిగింది. దయామణి సరిచేసింది. మళ్లీ ఒరిగింది. తీసి చూస్తే వెనక చెయ్యి పట్టేంత పగులు. మేస్త్రీ వచ్చి కింద తవ్వి చూశాడు. అక్కడ తోట నాటి నుయ్యి ఉండేది. రైతు దాన్ని పూడ్చి, పైన హాలు కట్టాడు. బాగుచేయాలంటే హాలు పడగొట్టాలని మేస్త్రీ చెప్పి వెళ్లాడు. ఆ రోజునుంచి దయామణి వరండాలో పడుకుంటోంది.

"నుయ్యి సంగతి మీకు తెలుసా పిన్నిగారూ?"

"తెలియకేం అమ్మా, ఆ నీళ్లు తాగే పెరిగాం" అంది తులసమ్మ.

"మరి అడిగితే చెప్పలేదేంటండీ?"

"ఒకళ్ల బేరం చెడగొడితే పాపం కదమ్మా. రేపు మీరు అమ్ముకునేటప్పుడూ చెప్పను."

రత్నబాబు రైతు ఇంటికి వెళ్లాడు. లక్ష్మీనరసింహారావు కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. "మేం తోటని పూతమీదే అమ్ముతాం మాస్టారూ. గాలికి పిందె రాలిందని కొన్నవాడు ఏనాడూ మా గుమ్మం ఎక్కలేదండీ. మీరు పూత కాదు, కట్టిన గోడలు చూసుకుని కొన్నారు" అన్నాడు. మజ్జిగ బాగుంది.

ఎండాకాలం వచ్చింది, గోడ ఆరింది. రత్నబాబు పగులు పూడ్పించి, రంగు వేయించి, ఇల్లు అమ్మకానికి పెట్టాడు. రంగు ఆరేలోపే పగులు మళ్లీ కనిపించింది. బాపులపాడు నుంచి కృష్ణకాంత్ అనే రైతు ఆదివారం ఇల్లు చూడ్డానికి వస్తానని ఫోను చేశాడు.

"చెప్పేయండి. వాళ్లకి చంటిపిల్ల ఉందట" అంది దయామణి.

"అడిగితే చెప్తాను" అన్నాడు రత్నబాబు.

శనివారం ఆయన పటాల షాపుకు వెళ్లి వెంకటేశ్వరస్వామి పటం, పెద్దది, కావాలన్నాడు. చర్చి పెద్దకు స్వామి పటం ఎందుకని షాపాయన అడగలేదు.

"పగులు ఎంత పొడుగండీ?" అన్నాడు.

ఆదివారం ఉదయం రత్నబాబు చర్చిలో సత్యం గురించి మాట్లాడాడు. మధ్యాహ్నం కృష్ణకాంత్ భార్యతో, చంటిపిల్లతో వచ్చాడు. హాల్లో పటం చూసి చేతులు జోడించాడు. వేరే మతంవారై ఉండి మీకెంత గౌరవమండీ అన్నాడు. పటం వెనక ఏముందని అడగలేదు. అడిగితే రత్నబాబు చెప్పేవాడే. పోతూపోతూ కృష్ణకాంత్ తులసమ్మను మాత్రం విచారించాడు. ఇల్లు ఇంకా బంగారంలాగే ఉంది.

బేరం కుదిరిన సంతోషంలో కృష్ణకాంత్ తన తోట బంగినపల్లి పెట్టె ఒకటి ఇచ్చి వెళ్లాడు. రత్నబాబు పెట్టె విప్పి, గడ్డి తీసి, నేరుగా అడుగు వరస చూశాడు. ఒక కాయ కుళ్లి ఉంది.

"చూశావా దయా" అన్నాడు దాన్ని ఎత్తి చూపిస్తూ. "మనుషుల్లో నిజాయితీ అన్నది లేకుండా పోయింది."

పటం కాస్త ఒరిగి ఉంటే, దయామణి లేచి వెళ్లి సరిచేసింది.