పాలిష్ వద్దనడం వల్ల మిగిలిన డబ్బు

ఆ రోజు ఇంట్లో మా నాయన శేషన్న, అమ్మ, అవ్వ, మేస్త్రీ దాదా ఖలందర్, నేను ఉన్నాం. పైకప్పు ఒక్కటే ఇంకా రాలేదు.

ఇల్లు కట్టుకునేవాళ్లు బడ్జెట్ అంటే ఎందుకండీ అంత భయపడతారు? చేతిలో డబ్బు తక్కువగా ఉండడమంత లాభసాటి వ్యవహారం లోకంలో ఇంకొకటి లేదు! మా ఇంటి సంగతి వింటే మీరూ ఒప్పుకుంటారు.

కర్నూలుకు రాజధాని వచ్చిన మరుసటి ఎండాకాలం. ఆడపిల్లల హైస్కూలు వెనక ఖాళీ జాగాలో ఖలందర్ మేస్త్రీ వరసగా ఆరిళ్లు లేపుతున్నాడు. గోడలు లేచాక కొన్నవాళ్లను పిలిచి, నేలకు ఏ బండ, గోడకు ఏ పూత, కిటికీకి ఏ అద్దం అని అడిగి మిగతా పని ముగిస్తాడు. మూడో ఇల్లు మాది. మా ఊరి బడి ఎనిమిదో తరగతితో అయిపోతుంది. జూన్‌లో నన్ను ఆ హైస్కూల్లో ఫోర్తు ఫారంలో, అంటే తొమ్మిదో తరగతిలో చేర్పించి, అవ్వను తోడు ఉంచాలని నాయన ఐదు వేలకు బేరం కుదుర్చుకున్నాడు. ఐదు వేలకు పైన ఒక్క కానీ పెట్టనని తిరుపతి కొండ వైపు తిరిగి ఒట్టు కూడా వేశాడు.

మేస్త్రీ గోనెసంచిలోంచి రెండు బేతంచెర్ల బండలు తీసి, భుజం మీది తువ్వాలతో తుడిచాడు.

"ఇది గరుకుది. బేరంలో ఉండేది ఇదే. ఇది పాలిష్‌ది. మొగం చూసుకోవచ్చు. ఇంకో మున్నూరు అయితాది."

"మొగం చూసుకోను అద్దముండాది" అంది అమ్మ. "జారిపడి నడుము ఇరిగితే దాన్ని యాడ చూసుకోవల్ల? పాలిష్ వద్దు."

నాయన తొడ చరిచాడు. "చూస్తివా! మున్నూరు మిగిలె!"

చదువరులు ఇక్కడ కాస్త ఆగాలి. పాలిష్ మా బేరంలో ఎప్పుడూ లేదు. లేనిదాన్ని వద్దనుకున్నాం. అనుకోగానే మూడు వందల రూపాయలు పుట్టుకొచ్చాయి! విత్తనం వేసి, ఆర్నెల్లు ఆకాశం చూసి, చివరకు గడ్డి కోసుకునే మావాళ్లకు, వద్దు అన్న ఒక్క మాటతో పంట చేతికొచ్చింది. ఈ సేద్యానికి వాన కూడా అక్కర్లేదు!

"ఆ మున్నూరుతో దేవుని గూటికి తామరపువ్వు చెక్కించు నాయనా" అంది అవ్వ.

"పాలిష్ వద్దన్నది నేను. ఆ దుడ్లు నావి" అంది అమ్మ. "వంటింట్లో నల్ల కడప బండతో అరుగు కట్టించండి."

"రెండూ చేపిద్దాం. నాక్కూడా వసారాకు నాలుగు రాతి స్తంభాలు కావల్ల" అన్నాడు నాయన.

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. "ఏమప్పా శేషన్నా, ఒగే పొట్టేలును కోసి మూడూర్లకు దావతు పెడతాండావే!"

"ఒగటే అని ఎవరన్నారు? మిద్దె మీద గది ఏస్తే ఎంతయితాది?"

"పన్నెండు నూర్లు."

"ఏస్తాండామా?"

"లేదు."

"మరి అది మిగల్లేదా?"

మేస్త్రీ తుడిచిన బండనే మళ్లీ తుడిచాడు. దీనికి మీ దగ్గర జవాబుందా?

అక్కడి నుంచి మాకు పట్టపగ్గాల్లేవు. చలువరాయి వద్దన్నాం. బావి వద్దన్నాం. గుర్రబ్బండికి షెడ్డు వద్దన్నాం, మాకు గుర్రం లేదు కాబట్టి గుర్రం డబ్బులు కూడా కలిసొచ్చాయి! మా ఊరి బొజ్జన్న మామ ఇల్లు చూసి, అసలు ఇల్లే వద్దని వెళ్లిపోయాడు. అంటే ఆయనకు ఏకంగా ఐదు వేలు మిగిలాయన్న మాట. పాపం, ఆ సంగతి ఎవరూ చెప్పక ఆయన ఇంకా సద్దరొట్టె, ఎర్రకారంతోనే కాలం గడుపుతున్నాడు.

"నీకేం కావల్ల పాపా?" అని మేస్త్రీ నన్ను అడిగాడు.

నేను చదువుకునే గదికి సున్నంలో కాస్త నీలం కలిపితే బాగుంటుందనుకున్నాను. కానీ నలుగురూ నా వైపు తిరిగేసరికి "ఏమొద్దు" అన్నాను.

"బంగారట్ల పిల్ల! ఏమొద్దన్యాది! ఖలందరూ, ఆ పిల్ల అడగనిది ఎంతయితాది?" అన్నాడు నాయన.

"ఆ పిల్ల ఏమడగలేదో నాకేం తెలుసప్పా!"

"యాభై ఏసుకో!"

నేను అడగని ఆ యాభైతో స్తంభానికి రెండేసి చిలకలు వచ్చాయి.

మనసులో కూడిక వేస్తూనే ఉన్నాను. మొత్తం ఏడు వేలు దాటింది. కానీ పెద్దవాళ్లు అంత సంతోషంగా ఉంటే మధ్యలో కూడిక చెప్పే ధైర్యం ఏ బడిలో నేర్పుతారు?

మే నెలాఖరుకు ఇల్లు తయారైంది. చిలకలను చూడ్డానికి డోన్ నుంచి కూడా చుట్టాలొచ్చారు. మేస్త్రీ మాత్రం, మిగిలిన డబ్బులన్నీ ఒకచోట చేర్చి ఇస్తే తన బాకీ తీరిపోతుందని మర్యాదగా అడిగాడు. అంతా వెతికాం. ఒక్కటీ దొరకలేదు!

"మిగిలినవి ఇస్తే మా కూలోళ్లు తీసుకోరు శేషన్నా. వాళ్లకు ఉండేటివి కావల్ల" అన్నాడు.

అప్పుడే దేవుడిలా ఒక ఆఫీసరు గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి. కొత్త రాజధానిలో ఇళ్లు చాలక ఆయన పనిచేసే కచేరీ డేరాలో ఉంది, సంసారం సత్రంలో ఉంది. చిలకల స్తంభాలు చూసి ముచ్చటపడి రెండేళ్ల బాడుగ అడ్వాన్సుగా ఇచ్చేశారు. మేస్త్రీ బాకీ తీరింది.

నాయన ఊరికొచ్చి అరుగు మీద కూర్చుని వేళ్లు మడిచాడు. "మనం ఆ ఇంట్లో ఉండకుంటే ఎంత మిగిలె! పాప బడికి పోకుంటే ఫీజు మిగిలె, పుస్తకాలు మిగిలె, ఆడ రెండో పొయ్యి మిగిలె!"

కాబట్టి మహాజనులారా, ఇప్పుడు మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద మిగులు నేనే! జూన్ పోయింది, దసరా పోయింది. పేడకళ్లు ఎత్తుతూ, శెనక్కాయలు కొడుతూ, రోజురోజుకూ ఇంకా ఇంకా మిగులుతున్నాను.

పోయిన వారం నాయన నన్ను ఆ ఇంటి ముందు బండి దింపి, కొత్త శెనక్కాయల మూట ఇచ్చి రమ్మని తాను అంగడికి పోయాడు. ఒక్కసారి లోపలికి వచ్చి చూస్తానని ఎలా అడగాలో దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. ఆఫీసరు గారి భార్య వచ్చి మూట అందుకున్నారు. ఆమె వెనక గదిలో నా ఈడు పిల్ల బోర్లా పడుకుని, కాళ్లూపుతూ ఏదో చదువుకుంటోంది.

కూడబలుక్కున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది. "ఆ పాప ఏం చదువుతాందమ్మా?" అన్నాను.

"ఫోర్తు ఫారం. హైస్కూలు వెనకే కదా అని ఈ ఇల్లు తీసుకున్నాం. రేపట్నుంచి పరీక్షలు, కాస్త మెల్లిగా మాట్లాడమ్మా" అని ఆమె తలుపు మూశారు.