మార్ల్‌బీ మైదానంలో క్యూ

శనివారం ఉదయం ఆరింటికల్లా బయలుదేరాలని క్లెమెంట్ హాగార్త్ నెల ముందే అనుకున్నాడు. మార్ల్‌బీ విమాన ప్రదర్శనలో ఆ రోజు పదకొండు గంటలకు, రాడార్‌కు అందని కొత్త యుద్ధవిమానం మొదటిసారి జనం ముందు ఎగురుతుంది. మైదానం మీదుగా ఒక్కసారి దూసుకుపోతుంది, అంతే. కిందికి దిగదు.

ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన క్లెమెంట్‌కు విమానాలు చూసి, వాటి నంబర్లు నోటుబుక్కులో రాసుకోవడం తప్ప వేరే వ్యసనం లేదు. వైమానిక దళం కొత్తగా చూపించిన విమానాల్లో ఒక్కటే అతని కంట పడకుండా పోయింది. ఆ రోజు అతని కూతురు పుట్టింది. "పుట్టేదేదో సాయంత్రం పుట్టొచ్చుగా" అని స్నేహితుడు రాయ్‌స్టన్ పిక్ ఇప్పటికీ అంటాడు. రాయ్‌స్టన్ పుస్తకంలో ఒక్క ఖాళీ కూడా లేదు. ఆ సంగతి విమానాలు చూసేవాళ్ల క్లబ్బులో ప్రతి బుధవారం రెండుసార్లయినా గుర్తుచేస్తాడు.

"ఇవాళ గనక తప్పిపోతే నేనిక క్లబ్బు గడప తొక్కను," అన్నాడు క్లెమెంట్ కారు నడుపుతూ.

"అంటే బుధవారాలు కూడా ఇంట్లోనే ఉంటావా?" భార్య ఎనిడ్ కంగారుపడింది. "అయితే ఎట్లాగైనా చూడాల్సిందే. కొంచెం వేగంగా పోనీ."

చేరేసరికి సన్నగా జల్లు పడుతోంది. కంచె పక్కన మూసి ఉన్న చెక్కగది ఒకటి, దాని కిటికీ మీద చిన్న చూరు. అక్కడ నిలబడితే కెమెరా తడవదు, రన్‌వే మొత్తం కనబడుతుంది. ఎనిడ్ టీ డేరాలోకి వెళ్లింది. క్లెమెంట్ ఆ మూసిన కిటికీ ముందు పాతుకుపోయాడు.

రెండు నిమిషాల్లో ఊదారంగు రెయిన్‌కోటు వేసుకున్న పెద్దావిడ ఒకరు వచ్చి, అతని వెనక సరిగ్గా మూరెడు దూరంలో నిలబడింది.

"క్యూ ఇదేనా బాబూ?"

"నేను ఊరికే నిలబడ్డానండీ."

"అందరం ఊరికే నిలబడేవాళ్లమేలే," అని ఆవిడ గొడుగు సర్దుకుంది.

ఆవిడ వెనక ఒక జంట చేరింది. జంట వెనక ఒక కుటుంబం. మార్ల్‌బీలో ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడితే మూడోవాడు ఎందుకని అడగడు. అడగడం మర్యాద కాదు. పావుగంటలో క్యూ టీ డేరా దాటింది. ముందువైపు "పైలట్ సంతకాలు పెడతారట" అని మొదలైన మాట నడిమికి వచ్చేసరికి "విమానంలో కూర్చోనిస్తారట" అయింది. చివరికి చేరేసరికి "టోపీలు ఊరికే ఇస్తున్నారట" అయింది. దాంతో క్యూ రెట్టింపయింది.

క్లెమెంట్ వెనక్కి తిరిగి గొంతు సవరించుకున్నాడు. "ఏమనుకోకండి. ఇక్కడ ఏమీ లేదండీ."

"ఏమీ లేకపోతే అందరికంటే ముందొచ్చి ఎందుకు నిలబడ్డావు?" అంది పెద్దావిడ. "మమ్మల్ని పంపించేసి అంతా నువ్వే పట్టుకుపోదామనా?"

"పోనీ, నేను వెళ్లిపోతానండీ."

"భలేవాడివే! కిటికీ తెరిచాక ఏం అడగాలో మాకేం తెలుసు?"

ఇంతలో పసుపు కోటు వేసుకున్న కార్యకర్త వచ్చాడు. ఇంత పెద్ద క్యూ ఉందంటే పైవాళ్లు ఏదో ఏర్పాటు చేసే ఉంటారనీ, తనకు చెప్పడం మరిచిపోయారనీ అనుకున్నాడు. తనకు తెలియదని మాత్రం పైకి తెలియనివ్వలేదు.

"కంచె వైపు జనం ఉండకూడదండీ. అందరూ గది వెనక కిటికీకి తిరగండి. ముందున్నాయన ముందే ఉంటాడు, ఎవరి చోటూ పోదు!" అని రెండు పక్కలా తాళ్లు కట్టించాడు.

వెనక కిటికీ దగ్గర నుంచి టీ డేరా వీపు, నాలుగు చెత్తడబ్బాలు కనబడతాయి. రన్‌వే గదికి అవతల ఉండిపోయింది. పదకొండుకు ఇంకా అయిదు నిమిషాలుంది. అప్పుడే లౌడ్‌స్పీకరు, "చెక్కగది దగ్గర క్యూ నడుస్తోంది, ఇంకా చేరనివాళ్లు త్వరపడగలరు" అని ప్రకటించింది. కంచె దగ్గర మిగిలినవాళ్లు కూడా పరుగు తీశారు. వాళ్లలో రాయ్‌స్టన్ ఉన్నాడు.

"ఏరా క్లెమెంట్!" అని దూరం నుంచే అరిచాడు. "నాకు మాటమాత్రం చెప్పకుండా మొదటి చోటు కొట్టేశావా! అందుకేనా నిన్న ఫోన్లో ఆ నంగి కబుర్లు?"

సరిగ్గా పదకొండింటికి కిటికీ తెరుచుకుంది. అదే క్షణంలో గది అవతల ఆకాశం చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చి, పోయింది.

"ఏం కావాలండీ?" అన్నాడు కిటికీలోని మనిషి, కళ్లు నులుముకుంటూ.

క్లెమెంట్ చప్పుడు పోయిన వైపు మెడ చాచాడు. పెద్దావిడ గొడుగుతో పొడిచింది. "అడుగు బాబూ, అడుగు!"

"ఏమున్నాయండీ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"జనం పారేసుకున్నవి దాచే గదండీ ఇది. ఎడమ చేతి తొడుగు ఒకటుంది. కట్టుడు పళ్లున్నాయి. నిరుటి కరపత్రాలు కావలసినన్ని ఉన్నాయి."

అంతమంది చూస్తుండగా ఉత్త చేతులతో వెళ్లడం బాగుండదని క్లెమెంట్ తొడుగు తీసుకున్నాడు. "తొడుగులిస్తున్నారు!" అన్న కబురు వెనక్కి పాకింది. క్యూలో ఒక్కరూ కదలలేదు.

అతను గది చుట్టూ తిరిగి వచ్చి, కంచె పక్కన తడి బల్ల మీద కూలబడ్డాడు. ఎనిడ్ టీ తెచ్చింది.

"చూశావా?"

"తొడుగు తెచ్చుకున్నాను," అన్నాడు.

పైన ఆ కొత్త విమానం నడుపుతున్న ఇమొజెన్ ఫార్డైస్ కూడా తక్కువ ఆశ్చర్యపోలేదు. ఇందాక దూసుకుపోయినప్పుడు కంచె దగ్గర ఒక్క మనిషి లేడు. మైదానమంతా పాములా చుట్టుకుని ఒక క్యూ ఉంది. అదేమిటని కంట్రోల్ టవర్‌ను అడిగింది. "మీకోసమేనేమో మేడమ్, పొద్దుటి నుంచీ తడుస్తున్నారు," అన్నారు వాళ్లు. వానలో నిలబడ్డవాళ్లకు మొహం చాటేసే పెంపకం కాదు ఆమెది. విమానం దించేసింది.

క్లెమెంట్‌కు యాభై అడుగుల దూరంలో అది వచ్చి ఆగింది. ఆమె దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని కంచె దగ్గరికి వచ్చింది.

"నాకోసం నిలబడ్డారట. ఎటు వెళ్లాలండీ?"

క్లెమెంట్ గభాలున బల్ల మీంచి లేచాడు. గది వెనక్కి చెయ్యి చూపించాడు.

గది వెనక రాయ్‌స్టన్ చుట్టుపక్కలవాళ్లకు పాఠం చెబుతున్నాడు. "ఇప్పుడు దిగింది పాత సరుకుల విమానం. ఇంజను చప్పుడు వింటే చాలు, నేను చెప్పగలను." అంతలో ఎవరో పక్కనుంచి ముందుకు పోబోయారు.

"ఏమ్మా, మధ్యలో దూరుతున్నావ్? చివర అటుంది," అని రాయ్‌స్టన్ అడ్డుపడ్డాడు.

"నేను పైలట్‌నండీ. వీళ్లంతా నాకోసమే..."

"నువ్వు పైలట్‌వైతే నేను రన్‌వేను. పద పద."

చుట్టూ ఉన్నవాళ్లు గొణిగారు. మార్ల్‌బీలో అంతకు మించిన శిక్ష లేదు. ఇమొజెన్ క్షమాపణ చెప్పుకుని, వెళ్లి చివర నిలబడింది.

నలభై నిమిషాలు నిలబడింది. ఆ నలభై నిమిషాలూ క్లెమెంట్ కంచె వెంట అటూ ఇటూ నడుస్తూ విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూశాడు, నంబరు రాసుకున్నాడు. లౌడ్‌స్పీకరు పైలట్‌ను వెనక్కి పిలిచేసరికి అతని మనసు ఆగలేదు. ఎంతైనా స్నేహితుడు. క్యూ దగ్గరికి పరుగెత్తాడు.

"ఒరే రాయ్‌స్టన్! కొత్త విమానంరా! గది అవతలే ఉంది, లేవబోతోంది, రా!"

"నీ ఎత్తులు నాకు తెలీవనుకున్నావా?" అన్నాడు రాయ్‌స్టన్. "నా ముందు ఇంక ముగ్గురే ఉన్నారు. నేను కదలను."

విమానం లేచి మబ్బుల్లో కలిసిపోవడం కంచె దగ్గర ఇద్దరే చూశారు. వాళ్లలో ఎనిడ్ సగం చూసింది, సాండ్‌విచ్ కింద పడటం వల్ల. క్యూలో రాయ్‌స్టన్ వంతు వచ్చేసరికి కట్టుడు పళ్లు మాత్రం మిగిలాయి. బుధవారం క్లబ్బులో అతను నోరు తెరవలేదు.

మరుసటి ఏటి కార్యక్రమ పత్రంలో నిర్వాహకులు "పదకొండు గంటలకు క్యూ" అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, వాతావరణం అనుకూలిస్తే విమానాలు కూడా ఉంటాయని కింద చిన్నగా రాయించారు.