నిజానికి ముగ్గురు సాక్షులు

"ఇకపై మా విశ్వవిద్యాలయంలో అబద్ధానికి ప్రవేశం లేదు" అని ప్రకటించి, వైస్ ఛాన్సలర్ పురుషోత్తమన్ కర్తా గారు సత్యనిర్ధారణ కేంద్రానికి జ్యోతి వెలిగించారు. వాట్సాప్‌లో కొట్టుకొచ్చేదల్లా నమ్మి విద్యార్థులు పాడైపోతున్నారని ఆయన బెంగ. ఏ వార్తనైనా ముగ్గురు చెబితే కేంద్రం నిజమని పచ్చముద్ర వేస్తుంది. లేకపోతే నకిలీ అని ఎర్రముద్ర. ఇంత తేలికైన పద్ధతి ఇన్నాళ్లూ మేధావులకు తట్టకపోవడం విచారకరం.

ఆ వారమే విశ్వవిద్యాలయం ఉన్న ఇడుక్కి కొండల్లో వాన పట్టుకుంది. వానపడితే అక్కడి పిల్లలు ఆకాశం చూడరు, కలెక్టరు ఫేస్‌బుక్ పేజీ చూస్తారు. "సార్, మా వీధిలో పడవలు తిరుగుతున్నాయి, సెలవివ్వండి" అని దానికింద మొరలు. కలెక్టరు కరిగి మర్నాటికి సెలవిచ్చాడు. చివర్లో మామూలుగానే, పరీక్షల్లో మార్పు లేదన్నాడు. అంతవరకూ చదివే ఓపిక ఎవరికుంటుంది?

ట్రీసా చదివింది. తెల్లారితే ఆమెకు ఆఖరి పేపరు. అది వాయిదాపడితే కొచ్చిలో ఖాయమైన ఉద్యోగం ఇంకెవరికో పోతుంది. అంతలో హాస్టల్ నుంచి క్లాస్‌మేట్ షహానా ఫోన్ చేసింది.

"ఒసేయ్, పరీక్ష లేదు, పడుకో."

"ఎవరన్నారే?"

"కేంద్రం. పచ్చముద్ర కూడా పడింది."

"కేంద్రానికి ఎవరు చెప్పారు?"

"నేనూ, మా గదిలో ఇద్దరూ. పుస్తకం తెరిస్తే ఒట్టు, ఏం చెయ్యమంటావ్?"

ట్రీసా మొదటి బస్సెక్కింది. తడిసి ముద్దయి చేరేసరికి హాల్లో ప్రభాకరన్ మాస్టారూ, ఖాళీ బెంచీలూ ఉన్నాయి. గుమ్మంలోంచి ఒక ఫోటో తీసి, "పరీక్ష ఉంది, రండి" అని క్లాసు గ్రూపులో పెట్టి, ఫోన్ సంచిలో పడేసి కూర్చుంది. ప్రశ్నలన్నీ వచ్చినవే. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

రెండో జవాబు సగంలో ఉండగా మాస్టారు దగ్గరికొచ్చారు.

"పేపరిచ్చెయ్యమ్మా."

"ఇంకా టైముంది కదా సార్."

"టైముంది. పరీక్షే లేదు."

ఆయన చేతిలోని ఫోన్‌లో ట్రీసా తీసిన ఫోటో ఉంది. దానిమీద ఎర్రముద్ర: నకిలీ.

"ప్రశ్నపత్రం మీరే ఇచ్చారు కదా సార్?"

"ఇచ్చాను తల్లీ. కానీ నా పెన్షన్ యూనివర్సిటీ వాళ్లే ఇవ్వాలి."

తిరుగు బస్సులో ట్రీసా కర్తా గారి ప్రకటన చదివింది. పరీక్ష జరిగిందన్న వదంతిని ఒక్క విద్యార్థి కూడా నమ్మలేదట. అందరికీ అభినందనలు. షహానా అప్పుడే లైక్ కొట్టేసింది.

"నేను వెళ్లాను సార్, రాశాను కూడా" అని ట్రీసా కింద రాసింది.

కేంద్రం నుంచి వెంటనే జవాబొచ్చింది: "మీ సమాచారానికి కృతజ్ఞతలు. మరో ఇద్దరి చేత చెప్పించగలరు."